డైరెక్టర్‌గారు సంతకం పెట్టనంటే...

పేరు, ఊరు వేయొద్దని కోరుతూ రాయగడ జిల్లా నుంచి ఒక టీచరు రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది, ముఖ్యమైన సంగతులు మాత్రం చెబుతాను.

ఆవిడకి 30 ఏళ్ళు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, క్లాసులో ఇంగ్లీషు. బరంపురం యూనివర్సిటీలో ఎం.ఏ. ఇంగ్లీషు చదివి, బి.ఇడి. చేశారు. మొదట మూడేళ్ళు పనిచేసిన చిన్న ప్రైవేటు స్కూలు కోవిడ్ టైములో మూతపడింది. అప్పట్నుంచీ తమ టౌన్లోనే ఇంకో ఇంగ్లీషు మీడియం స్కూల్లో ఆరు నుంచి ఎనిమిది తరగతులకి ఇంగ్లీషు చెబుతున్నారు. ఈమధ్య థాయిలాండ్‌లో ఒక ప్రైవేటు స్కూలువాళ్ళు వీడియో ఇంటర్వ్యూ చేసి, నచ్చారన్నారు. ఇద్దరు రిఫరీల, అంటే అడిగితే ఆవిడ గురించి చెప్పగల మనుషుల, పేర్లు, ఈమెయిళ్ళు, ఫోన్ నంబర్లు పంపమన్నారు. అందులో ఒకరు ఇప్పుడు పనిచేస్తున్న స్కూలు పెద్ద అయ్యుండాలట.

అక్కడ మొదలైంది గొడవ. స్కూలు డైరెక్టరు "రిఫరెన్సూ లేదు, గిఫరెన్సూ లేదు, వెళ్ళాలంటే రాజీనామా ఇచ్చి వెళ్ళండి" అన్నారు. అంతటితో ఊరుకోలేదు. తనకి పాత స్నేహితుడైన ఆవిడ మావయ్యగారిని బజార్లో ఆపి, "కోడల్ని దేశాలు పట్టిస్తున్నారట" అని ఎత్తిపొడిచారు. ఆ సాయంత్రం నుంచి ఇంట్లో మాటల్లేవు. వైస్ ప్రిన్సిపల్ మేడంకి ఉత్తరం ఇవ్వాలనే ఉంది గానీ డైరెక్టరంటే భయం. మూతపడిన స్కూలు హెడ్ సార్ ఇప్పుడు పర్లాకిమిడిలో ఉంటున్నారు. ఫోన్ చేస్తే, "నువ్వే రాసుకుని పట్టుకురామ్మా, సంతకం పెట్టేస్తాను" అన్నారు. భర్త వెళ్ళమనే అంటున్నారు. ఆయన స్నేహితుడి ద్వారా పరిచయమైన విశాఖపట్నం ఏజెంటు పాతికవేలిస్తే హైదరాబాదు స్కూలు లెటర్‌హెడ్ మీద రెండు ఉత్తరాలు ఇప్పిస్తానంటున్నాడు. థాయిలాండ్ నుంచి ఫోన్ వస్తే ఎత్తి మాట్లాడే మనిషి కూడా వాళ్ళవాడేనట. "అందరూ ఇలాగే వెళ్తున్నారంటున్నారు. నేనొక్కదాన్నే హరిశ్చంద్రుడి చెల్లెల్లా కూర్చుంటే ఉద్యోగం చేజారిపోతుంది. టెన్షన్‌తో రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?" అని అడిగారు.

ముందు మీ డైరెక్టర్‌గారి సంగతి చూద్దాం. మీరు ఆయన్ని రెండు వేరువేరు కాగితాలు ఒకే గుక్కలో అడిగినట్టున్నారు. ఫలానా తేదీ నుంచి ఫలానా హోదాలో, ఈ తరగతులకి, ఈ సబ్జెక్టు చెబుతున్నారని లెటర్‌హెడ్ మీద స్టాంపు వేసి ఇచ్చేది ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్. అది చేసిన పనికి లెక్క. న్యాయంగా ఇవ్వాల్సిందే. అందులో ఆయన మిమ్మల్ని ఒక్క ముక్క పొగడక్కర్లేదు. రిఫరెన్స్ అలా కాదు. మీ గురించి ఆయన అభిప్రాయం చెప్పాలి, తర్వాత ఎవరైనా ఫోన్ చేస్తే ఆ మాట మీద నిలబడాలి. ఇష్టం లేని మనిషి చేత అది చేయించలేం. మీరు రెండూ కలిపి అడిగారు, ఆయన రెండిటికీ కలిపి లేదన్నారు. ఇప్పుడు మొదటిది మాత్రమే విడిగా, కాగితం మీద అడగండి. ఆఫీసులో ఇచ్చి, మీ కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. థాయిలాండ్ ఊసెత్తకండి.

ఇస్తే మంచిదే. ఇవ్వకపోయినా మీరక్కడ పనిచేయలేదని ఎవరూ అనలేరు. అపాయింట్‌మెంట్ లెటర్ ఉంటుంది. జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు ఉంటుంది. సగం జీతం చేతికిచ్చే స్కూళ్ళు మన వైపు ఉన్నాయి, తెలుసు. అయినా మిగతా సగం నెలనెలా పడిందంటే ఉద్యోగం ఉన్నట్టే. పీఎఫ్ కోస్తున్నారేమో చూసుకోండి. 20 మంది, అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్న సంస్థకి ఆ చట్టం వర్తిస్తుంది. పీఎఫ్ వెబ్‌సైటులో మీ యూఏఎన్ (పీఎఫ్ సభ్యులకిచ్చే నంబరు)తో లాగిన్ అయితే సర్వీస్ హిస్టరీలో స్కూలు పేరు, చేరిన తేదీ కనిపిస్తాయి. ఆ పేజీకి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

అసలు ఆయనకి కోపం ఎందుకొచ్చిందో కూడా ఒకసారి ఆలోచించండి. నేను ఆయన్ని వెనకేసుకు రావడం లేదు, బజార్లో మీ మావయ్యగారిని అలా అనడం చాలా తప్పు. కానీ ఎనిమిదో తరగతికి ఇంగ్లీషు చెప్పే మనిషి సగం ఏడాదిలో వెళ్ళిపోతే ఆ టౌన్లో ఇంకొకరు దొరకడం కష్టం, తల్లిదండ్రులు వచ్చి ఆయన మీదే పడతారు. థాయిలాండ్‌లో స్కూళ్ళు మే నెల మధ్యలో తెరుస్తారు. అంటే మీ స్కూల్లో వార్షిక పరీక్షలు పెట్టించి, పేపర్లు దిద్ది, మార్కులు అప్పజెప్పి వెళ్ళడానికి మీకు టైముంది. "ఒకవేళ మానాల్సి వచ్చినా మార్చి దాకా ఉంటాను, కొత్త టీచరు వస్తే నోట్సు, ప్రశ్నపత్రాలు అప్పగిస్తాను" అని ఆ అర్జీలోనే ఒక వాక్యం చేర్చండి. మెత్తబడొచ్చు, పడకపోనూ వచ్చు. మెత్తబడినా కనీసం తేదీలూ హోదా నిజమని చెప్పడానికి ఒప్పుకుంటే చాలు, అంతకుమించి ఆయన నుంచి ఆశించకండి. ఉద్యోగి గురించి తేదీలు తప్ప ఇంకేమీ చెప్పమని నియమం పెట్టుకున్న సంస్థలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. ఉద్యోగాలిచ్చేవాళ్ళకి అది కొత్తేం కాదు.

మావయ్యగారి చేత చెప్పించి ఒప్పిద్దామని మీ ఉత్తరంలో ఒకచోట రాశారు. ఆ పని మాత్రం వద్దనే అంటాను. స్నేహితుడి మొహం చూసి ఆయన సంతకం పెట్టేస్తారనుకోండి. తర్వాత వాళ్ళు పంపే ఫారంలో ఏముంటుందో తెలుసా? ఎంతకాలంగా తెలుసు, సెలవులు ఎక్కువ పెడతారా, ఈ మనిషిని మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకుంటారా, పిల్లలతో పనిచేయడానికి తగరని అనుకోవడానికి ఏదైనా కారణం ఉందా. ఆ ఆఖరి ప్రశ్న దగ్గర ఇష్టం లేని మనిషి ఖాళీ వదిలేసినా చాలు, మీ పని ఆగిపోతుంది. ఆయన అబద్ధం చెప్పక్కర్లేదు. ఫోన్లో ఒక క్షణం నసిగితే చాలు. అసలు రిఫరెన్స్ లేకపోవడం కంటే నసిగే రిఫరెన్స్ ఎక్కువ చేటు చేస్తుంది.

ఈ ఫారాల గోల ఎందుకంటే, మనకి అలవాటైన 'టు హూమ్ సో ఎవర్ ఇట్ మే కన్సర్న్' ఉత్తరాన్ని అంతర్జాతీయ స్కూళ్ళు పెద్దగా లెక్కపెట్టవు. ఇంగ్లండులో స్కూళ్ళకి పిల్లల భద్రత మీద ప్రభుత్వం ఇచ్చే మార్గదర్శకాల్లోనే, అభ్యర్థి చేతికిచ్చి పంపిన అలాంటి ఉత్తరాల మీద ఆధారపడొద్దని, రిఫరీ నుంచి నేరుగా తెప్పించుకొమ్మని ఉంది. బ్రిటిష్ పద్ధతిలో నడిచే స్కూళ్ళు ఎక్కడున్నా దాదాపు ఇదే చేస్తాయి. థాయిలాండ్‌లో మామూలు ప్రైవేటు స్కూళ్ళు ఇంత పట్టుదలగా ఉండకపోవచ్చు. కానీ మీ వాళ్ళు ఉత్తరాలు అడగలేదు, నంబర్లు అడిగారు. అంటే ఫోన్ చేస్తారనే అనుకోవాలి.

అందుకే నా కళ్ళకి మీ దగ్గరున్న గట్టి మనిషి పర్లాకిమిడి హెడ్ సారే. మీరేమో ఆయన్ని రెండో వరసలో పెట్టారు. "ఆయన ఇంగ్లీషు అంతంత మాత్రం" అని కూడా రాశారు.

మీరు మధ్యలో ఎక్కడో యథాలాపంగా రాసిన ఒక సంగతి నన్ను ఆపేసింది. సంత అయిన మర్నాడు మీరు పాఠం మొదలుపెట్టే ముందు పిల్లల్ని మూడు వాక్యాలు రాయించేవారు: ఏం అమ్మారు, ఏం కొన్నారు, ఎంతకి. ఏడాదంతా నోరు విప్పని సవర పిల్లాడు ఒకడు, వాళ్ళమ్మ కొండచీపుర్ల కట్ట ధర తగ్గించమన్న షావుకారుతో ఎలా దెబ్బలాడిందో ఇంగ్లీషులో చదివాడు. తప్పులతోనే చదివాడు, క్లాసంతా నవ్వింది, వాడూ నవ్వాడు. గుమ్మం దగ్గర నిలబడి హెడ్ సార్ అంతా విన్నారు.

రిఫరెన్సులో ఉండాల్సింది ఇది. మీరు రాసుకుని తీసుకెళ్తే ఏముంటుందో నాకు తెలుసు: సిన్సియర్, హార్డ్‌వర్కింగ్, పంక్చువల్, ఆవిడ భవిష్యత్తు ఉజ్వలంగా ఉండాలని కోరుకుంటున్నాను. మన దేశంలో ఏ ఉత్తరమైనా అదే. మన గురించి మనం రాసుకునేటప్పుడు చీపుర్ల సంగతి రాయడానికి సిగ్గుపడతాం.

"నువ్వే రాసుకురా" అన్నది ఆయన ఒక్కరి మాటా కాదు. యూనివర్సిటీ ప్రొఫెసర్లే అంటారు. దాన్ని మహాపాపం అనను. చదివి, మార్చి, ఇది నా మాటేనని ఒప్పుకుని సంతకం పెట్టే పెద్దలూ ఉన్నారు. చిక్కు ఎక్కడొస్తుందంటే, మీరు మీ ఎం.ఏ. ఇంగ్లీషులో రెండు పేజీలు రాస్తారు, ఆయన అద్దాలు వెతుక్కోకుండానే సంతకం పెట్టేస్తారు. వారం తర్వాత అటునుంచి ఎవరో ఫోన్ చేసి, "మీ ఉత్తరంలో ఫలానా బోధనా పద్ధతి గురించి రాశారు, కాస్త వివరిస్తారా?" అంటారు. ఆయన "ఏ ఉత్తరం?" అంటారు. అంతే సంగతులు. రెండో ఉత్తరం కూడా మీరే రాస్తే ఇంకో చిక్కు: ఇద్దరు వేరువేరు మనుషులు ఒకే మాటలు, ఒకే చోట కామాలు పెట్టి రాసినట్టు ఎవరికైనా తెలిసిపోతుంది.

కాబట్టి ఒక ఆదివారం పర్లాకిమిడి వెళ్ళండి. ఒక కాగితం మీద వివరాలు మాత్రం రాసి ఇవ్వండి: మీరు చేరిన తేదీ, మానిన తేదీ, చెప్పిన తరగతులు, ఇప్పుడు అడుగుతున్న ఉద్యోగం ఏమిటి, అక్కడి పిల్లల వయసెంత. పొగడ్త ఒక్కటీ వద్దు. తర్వాత "సార్, మీకు గుర్తున్నది రాయండి" అని ఊరుకోండి. ఆయన సొంత ఇంగ్లీషులో పదిహేను లైన్లు రాస్తే అది అన్నిటికంటే మంచిది. రెండుమూడు తప్పులుంటే ఉండనివ్వండి. మీరు దిద్దొద్దు, టీచరు చెయ్యి ఊరుకోదని తెలుసు, అయినా దిద్దొద్దు. వాళ్ళు ఉద్యోగమిచ్చేది మీకు, ఆయనకి కాదు. ఇంగ్లీషులో రాయనంటే ఒడియాలోనో తెలుగులోనో రాయించి, అధికారిక అనువాదం చేయించి రెండూ కలిపి పంపొచ్చు. దానికి కొంత ఖర్చు, కొన్నాళ్ళ ఆలస్యం ఉంటుంది. లేదా ఆయన చెబుతుంటే వాళ్ళింట్లో ఎవరైనా టైపు చేయొచ్చు. మీరు మాత్రం కాదు.

ఆ స్కూలు ఇప్పుడు లేదు కాబట్టి లెటర్‌హెడ్ కోసం వెతకొద్దు, పాత స్టాంపు కొత్తగా చేయించొద్దు. "నేను ఆ స్కూలు హెడ్‌మాస్టర్‌గా ఉండగా ఈవిడ నా దగ్గర పనిచేశారు, స్కూలు ఫలానా సంవత్సరంలో మూతపడింది" అని ఉత్తరం మొదట్లోనే రాయమనండి. మీ పాత అపాయింట్‌మెంట్ లెటర్ మీద ఆయన సంతకమే ఉంటుంది కదా, దాని నకలు జతచేస్తే రెండు సంతకాలూ పోల్చి చూసుకుంటారు. దేశంలో గుర్తింపు ఉన్న ప్రతి స్కూలుకీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. పాత కాగితాల్లో దొరికితే అదీ రాయండి. ఆయనకి ఉన్నది జీమెయిలే అయినా ఇంత వివరం తోడుంటే అనుమానం తగ్గుతుంది.

ఇంకోటి, చిన్నదే గానీ ముంచేస్తుంది. +66తో మొదలయ్యే నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తమని ఆయనకి చెప్పండి. మనవాళ్ళు తెలియని విదేశీ నంబరు చూడగానే మోసమని కట్ చేస్తారు. థాయిలాండ్ టైము మనకంటే గంటన్నర ముందు. వాళ్ళ ఆఫీసు ఎనిమిదిన్నరకి తెరిస్తే ఇక్కడ ఏడవుతుంది, సార్ పూజలోనో నడకలోనో ఉంటారు. ఏ టైములో చేస్తే దొరుకుతారో మీరు ముందే వాళ్ళకి రాయండి.

వైస్ ప్రిన్సిపల్ మేడం విషయంలో కొంచెం జాగ్రత్త. మీ క్లాసులు ఇప్పుడు దగ్గరుండి చూసేది ఆవిడే కాబట్టి ఆవిడ మాటకి విలువుంది. కానీ మీరు వెళ్ళిపోయాక ఆ డైరెక్టరు కింద మిగిలేది కూడా ఆవిడే. ఉత్తరం అడగొద్దు. "ఫోన్ వస్తే చూసింది చూసినట్టు చెబుతారా? ఇబ్బందైతే వద్దు, నేనేం అనుకోను" అని ఒక్కసారి అడిగి వదిలేయండి. ఒప్పుకుంటే సొంత నంబరు, స్కూలు వేళలు కాని టైము. వద్దంటే మీ బి.ఇడి.లో టీచింగ్ ప్రాక్టీసు చూసిన లెక్చరర్ ఎవరైనా గుర్తుపడతారేమో కనుక్కోండి. ఇన్నేళ్ళ తర్వాత ఆ మాటకి బరువు తక్కువే, అయినా క్లాసులో మీరు పాఠం చెప్పడం కళ్ళారా చూసిన మనిషి. బంధువులు, ఊరి పెద్దలు, పార్టీ నాయకులు వద్దు, వాళ్ళ ఉత్తరాలు ఎవరూ చదవరు.

ఇక ఏజెంటు. "అందరూ ఇలాగే వెళ్తున్నారు" అన్నది పూర్తిగా అబద్ధం కాదు, కొందరు వెళ్తున్నారు. వెళ్ళాక ఏమవుతుందో ఆలోచించండి. హైదరాబాదు స్కూలు ఉత్తరం పెట్టాలంటే మీ రెజ్యూమెలో హైదరాబాదు స్కూలు ఉండాలి. అదే రెజ్యూమె చూసి అక్కడి స్కూలు మీ వీసాకి, వర్క్ పర్మిట్‌కి, ఖురుసఫా అనే టీచర్ల మండలి నుంచి తీసుకోవాల్సిన తాత్కాలిక అనుమతికి కాగితాలు తయారుచేస్తుంది. అంటే ఒక్క అబద్ధం ఎన్నో ఆఫీసుల ఫైళ్ళలోకి ఎక్కుతుంది. బయటపడితే ఉద్యోగంతో పాటు వీసా కూడా పోతుంది. బయటపడకపోతే? రెండేళ్ళ తర్వాత ఇంకా మంచి స్కూలుకి మారాలనుకుంటారు, వాళ్ళు మళ్ళీ హైదరాబాదుకి ఫోన్ చేస్తారు. అప్పటికి ఆ ఫోన్ ఎత్తే మనిషి ఎక్కడుంటాడు? ఉన్నా, ఈసారి ఎంత అడుగుతాడు? పిల్లలతో పనిచేయడానికి తగిన మనిషేనా అన్న ప్రశ్నకి, మిమ్మల్ని ఎప్పుడూ చూడనివాడు డబ్బు తీసుకుని అవునంటాడు. రేపు మీ పిల్లల టీచరు గురించి ఎవరైనా అలా చెబితే మీరు ఊరుకుంటారా?

మీ భర్తతో ఇదంతా వాదించక్కర్లేదు, లెక్క చెప్పండి. విదేశాలకి మనుషుల్ని పంపే ఏజెంటు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరై ఉండాలి. ఉన్నాడో లేడో విదేశాంగ శాఖవారి ఈ-మైగ్రేట్ పోర్టల్లో చూడొచ్చు. అలాంటివాడు మొత్తం పనికి తీసుకోగల సేవా రుసుము 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. ఈయన రెండు దొంగ ఉత్తరాలకే పాతికవేలు అడుగుతున్నాడు. టూరిస్టు వీసా మీద ముందు వెళ్ళిపొమ్మని కూడా అంటే ఆ నంబరు బ్లాక్ చేసేయండి.

థాయిలాండ్ స్కూలుకి ఉన్న మాట రాసేయడమే నేనైతే చేసే పని. ప్రస్తుత యాజమాన్యం నేను మానేయడం ఇష్టం లేక రిఫరెన్స్ ఇవ్వడం లేదు, ఉద్యోగం నిజమనడానికి ఈ కాగితాలు పంపుతున్నాను, నా బోధన చూసిన ఇద్దరి వివరాలు ఇవి, కావాలంటే ఒక డెమో క్లాసు వీడియోలో ఇస్తాను. అంతే. డైరెక్టర్‌గారి మీద ఫిర్యాదు ఒక్క ముక్క కూడా వద్దు. కొందరు సరేనంటారు. కొందరు ఆఫర్ ఇచ్చాక, మీరు రాజీనామా చేశాక అడుగుతామంటారు. కొందరు కుదరదంటారు, అప్పుడు ఈ ఉద్యోగం పోతుంది. పోయే అవకాశం ఉందని తెలిసే ఈ సలహా ఇస్తున్నాను. పోయినా హెడ్ సార్ ఇచ్చిన ఉత్తరం మీ చేతిలో ఉంటుంది, తేదీ మార్పించుకుని ఇంకోచోటికి పనికొస్తుంది. థాయిలాండ్ ఒక్కటే దారీ కాదు. 2010లో అమల్లోకి వచ్చిన ఒప్పందం వల్ల ఇంగ్లీషు డిగ్రీ, టీచింగ్ అర్హత రెండూ ఉన్న భారతీయులకి దక్షిణ కొరియాలో కూడా అవకాశం ఉంది, మీకు రెండూ ఉన్నాయి. అక్కడి ప్రభుత్వ స్కూళ్ళ కార్యక్రమం కూడా సిఫార్సు ఉత్తరాలు అడుగుతుంది. ఏదైనా సరే, కాంట్రాక్టు చేతికొచ్చి వీసా కాగితాలు కదిలేదాకా ఇక్కడ రాజీనామా ఇవ్వకండి. డైరెక్టర్‌గారు రెచ్చగొట్టినా ఇవ్వకండి.

మావయ్యగారికి కోపం మీ ఉద్యోగం మీదో, బజార్లో వేరొకరి నోట వినాల్సి వచ్చినందుకో నాకు తెలీదు. రెండోదే అయ్యుంటుందని నా అనుమానం. మీరూ మీ భర్తా కూర్చోబెట్టి జీతం ఎంత, ఎన్నాళ్ళు, ఎప్పుడెప్పుడు వస్తారు అన్నీ చెప్పండి. పర్లాకిమిడికి ఆయన్నీ తీసుకెళ్ళగలిగితే ఇంకా మంచిది. కోడలి గురించి ఒక హెడ్‌మాస్టరు చెప్పే మాట ఆయన చెవిన పడితే, డైరెక్టర్‌గారికి ఏం జవాబు చెప్పాలో ఆయనే చూసుకుంటారు. అప్పటికీ ఒప్పుకోకపోతే అది మీ ఇంటి విషయం, మీరిద్దరూ తేల్చుకోవాలి. రిఫరెన్స్ దొరకలేదన్న సాకుతో దాన్ని కప్పెట్టొద్దు.

చివరగా మీ పేరు. ఒడిశా సర్టిఫికెట్లలో ఇంటిపేరు చివర ఉంటుంది, మన ఇళ్ళలో ముందు రాస్తాం, పెళ్ళయ్యాక ఆధార్‌లో అత్తవారి ఇంటిపేరు చేరిందని రాశారు. హెడ్ సార్‌కి తెలిసింది మీ పుట్టింటి పేరే. ఉత్తరంలో పాస్‌పోర్టు మీదున్న పేరు అక్షరం తేడా లేకుండా రాసి, 'నా దగ్గర పనిచేసినప్పటి పేరు ఇది' అని పక్కన పాత పేరు కూడా వేయమనండి. రెండో రిఫరీకి కూడా అదే చెప్పండి. పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్‌కి పాస్‌పోర్టు సేవా ద్వారా అప్లై చేయాలి, ఫీజు 500 రూపాయలు. మరీ పాతదైతే తీసుకోరు కాబట్టి ఆఫర్ వచ్చాక అప్లై చేస్తే చాలు, ఇప్పుడే తొందరపడకండి.